సైకిలు చట్రం – ఎన్నుకొనే విధానం

సైకిలు దుకాణంలో అడుగుపెట్టగానే మన చూపు ముందుగా రంగు మీద పడుతుంది. ఆపైన సీటు మీద, గంట మీద. ఇవన్నీ తరువాత మార్చుకోదగినవే. సులభంగా మార్చుకోలేనిది చట్రం ఒక్కటే. దీనినే అందరూ ఫ్రేము అంటారు. మన గోదావరి సీమలో ఉదయం కళాశాలకు వెళ్ళిన సైకిలే సాయంత్రం ధాన్యపు మూటను మిల్లుకు చేర్చే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అట్టి ఇంట చట్రం ఎన్నికలో పొరపాటు జరిగితే ఆ నష్టం కుటుంబమంతటిదీ అవుతుంది. కావున ఈ విషయాన్ని కొంత వివరంగా తెలుసుకుందాం.

1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిలు నుండి నేటి చట్రం పరిణమించింది. త్రికోణం భుజాల పొడవు మారనిదే దాని ఆకారం మారదు. అందుచేతనే త్రికోణాలుగా అమర్చిన సన్నని గొట్టాలు మనిషినీ, మూటనూ మోయగలుగుతున్నాయి.

ఉక్కు రకాలన్నీ వంగకుండా నిలిచే బిగువులో దాదాపు సమానమే. తేడా బలంలోనే ఉంది. సాధారణ ఉక్కుకు బలం తక్కువ కనుక గొట్టపు గోడ మందంగా ఉండవలె. క్రోమియం, మాలిబ్డినం కలిసిన మిశ్రమ ఉక్కుకు పలుచని గోడ చాలు, చట్రం తేలికవుతుంది. చివరలు మందంగా, నడుమ పలుచగా ఉండే గొట్టానికి 1897లోనే ఇంగ్లండులో రేనాల్డ్స్ పేటెంటు పొందాడు. ఒత్తిడి అధికమయ్యేది అతుకుల వద్దనే కదా!

ఇక మన దారుల సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా అంతటా కాలువలు విస్తరించాయి. ఆ గట్ల మీది దారులు చదునైనవే గాని గతుకులమయం. ఇట్టి చోట నిత్యప్రయాణానికి పాతకాలపు నల్లని రోడ్‌స్టర్ చట్రమే తగినది. దాని గొట్టాలు వెనుకకు బాగా వాలి ఉంటాయి. 28 అంగుళాల చక్రాలు గతుకులను తేలికగా దాటిస్తాయి. మొత్తం బరువు సుమారు 20 కిలోలైనా చదును నేల మీద అది అంతగా బాధించదు. రాజమహేంద్రవరం, కొవ్వూరుల నడుమ 1974లో ప్రారంభమైన రోడ్డు రైలు వంతెన మీద మనల్ని అలసటకు గురిచేసేది బరువు కాదు, ఎదురుగాలి.

దూరయాత్ర మాట వేరు. మారేడుమిల్లి దాటి ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు ప్రతి కిలో బరువూ కాళ్ళకు తెలుస్తుంది. అందుకు తేలికైన గొట్టాలూ, గేర్లు బిగించే ఏర్పాటూ ఉన్న చట్రం కావలె. వెనుక సంచులు మడమలకు తగలనంత పొడవూ, క్యారేజీ బిగించే రంధ్రాలూ, వెడల్పు టైరుకు చోటూ ఉండవలె.

అయితే తేలికదనానికి ఒక మూల్యం కలదు. మందపు గొట్టం విరిగితే ఊరిలోని గ్యాస్ వెల్డింగు పనివాడు ఇత్తడితో అతికి నిలబెట్టగలడు. పలుచని గొట్టం అధిక వేడికి బలం కోల్పోతుంది. దానికి నేర్పరి చేయి అవసరం. కావున మూటలు మోసే సైకిలుకు సాధారణ ఉక్కే క్షేమం.

కొలత విషయం మరువరాదు. పెరిగే పిల్లవాడని 22 అంగుళాలకు బదులు 24 అంగుళాల చట్రం కొనడం మనలో ఉన్న అలవాటు. పై గొట్టానికి ఇరువైపులా కాళ్ళుంచి నేల మీద నిలబడినప్పుడు గొట్టానికీ శరీరానికీ నడుమ రెండు మూడు సెంటీమీటర్లైనా ఎడం ఉండవలె. లేనిచో హఠాత్తుగా దిగవలసి వచ్చినప్పుడు ప్రమాదం. చీర, బురఖా ధరించే సోదరీమణులకు పై గొట్టం కిందికి వాలిన చట్రం అనుకూలం.

నరసాపురం, అంతర్వేది వంటి తీర ప్రాంతాల ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. గొట్టం లోపల పట్టిన తుప్పు కంటికి కనబడదు. వానలో తడిసిన సైకిలును సీటు తీసి తలక్రిందులుగా ఉంచి, లోపలి నీరు కార్చి, కొద్దిగా నూనె వేయడం మంచిది. పాత సైకిలు కొనేవారు హ్యాండిలు క్రింది అతుకుల వద్ద రంగు పగిలినదేమో చూడవలె; ఢీకొని వంగిన చట్రానికి అది గుర్తు.

ముందుగా మన శరీరం, తరువాత మోయవలసిన బరువు, ఆపైన నడిచే దారి, పిమ్మట ఉక్కు రకం; రంగు చిట్టచివర. ఈ వరుస తప్పకుండా ఎన్నుకొన్న చట్రం మన చదువు ముగిసిన తరువాత కూడా తమ్ముళ్ళనూ, చెల్లెళ్ళనూ కళాశాలకు చేరుస్తుంది.