కారులో నీరు కాఱుట: వాడని హీటరు తెచ్చు నష్టము

ఎడ్లబండి యిరుసునకు కందెన వేయుట యెఱుగని రైతు పూర్వము మన పల్లెలలో నుండెడివాడు కాడు. నేడు ఆ యెడ్లకొట్టము ప్రక్కనే పాత మోటారు కారొకటి నిలిచి యుండుట సామాన్యమైనది. మార్కెట్టు యార్డునకును, ఆసుపత్రికిని, పిల్లల కళాశాలకును అదియే వాహనము. ఇట్టివానిలో పెక్కు ఒకరిద్దఱి చేతులు మాఱి వచ్చినవి. కొనునప్పుడు రంగును, టైర్లును చూచెదరు గాని, ఇంజనును చల్లబఱచు నీటిని గూర్చి విచారించువారు తక్కువ. బండి నడిత్రోవలో ఆవిరి క్రక్కుచు నిలిచిపోయినప్పుడే ఆ నీరు జ్ఞప్తికి వచ్చును.

గడచిన వేసవిలో మా యూరి సభ్యులొకరు నన్ను పిలిచి, తమ కారులో ముందువైపున కాళ్ళక్రింది పఱుపు తడిసియున్నదని చూపిరి. మూడుమాఱులు మేస్త్రీయొద్దకు తీసికొనిపోగా అతడు అది ఏసీ నీరని చెప్పి, ఆ నీరు బయటికి పోవు గొట్టము నూది పంపెనట. నేను తడిని వ్రేలితో తాకి చూచితిని. జిడ్డుగా నుండెను, ఒకవిధమగు తియ్యని వాసన వేసెను. బానెట్టు తెఱచి చూడగా కూలెంటు డబ్బాలో మట్టము క్రిందిగీతకు దిగువ నున్నది. “పదిదినముల కొకసారి చెంబెడు బోరునీళ్ళు పోయుచునే యున్నామండీ” అని వారనిరి. అప్పటికే ఇంజను ఒకటి రెండుసార్లు మితిమీఱి వేడెక్కి, హెడ్డు గాస్కెట్టు పాడైయుండెను. ఆ యేటి మిరపకాయల సొమ్ములో పెద్దభాగము ఆ మరమ్మతునకే చెల్లినది. మొదటి తడినాడే గుఱుతించియున్నచో ఒక పూట పనితో తీఱిపోయెడి వ్యవహారమది.

కారు కాఱుచున్నదని చెప్పుట వినోదముగా నుండును. వ్రాతలో ఱకారము వేఱైనను పలుకుటలో రెండును ఒక్కటియే. కాని ఎచట కాఱుచున్నదో కనుగొనుట వినోదము కాదు.

మన యెండలకు హీటరేల యని చదువరు లడుగవచ్చును. చలిదేశములలో లోపలిగదిని వెచ్చజేయుటకును, ముందుటద్దముపై పట్టిన మంచును పోగొట్టుటకును అది యత్యవసరము. మన దేశమున అమ్ముడగు కార్లలో చాలవానికిని అది అమర్చబడియే వచ్చును. అరకు, లంబసింగి ప్రాంతముల శీతకాలపు వేకువలందు తప్ప మనము దాని మీట త్రిప్పుట యరుదు. హీటరు కోరనగా డ్యాష్‌బోర్డు వెనుక దాగియున్న చిన్న రేడియేటరు. ఇంజనునుండి రెండు రబ్బరు గొట్టములు మధ్యనున్న ఇనుపగోడగుండ దానికి పోవును. ఒకదానిలో వేడినీరు వెళ్ళును, రెండవదానిలో మరలి వచ్చును. పెక్కు కార్లలో ఈ ప్రవాహము ఇంజను నడచునంతసేపు సాగుచునే యుండును. మీట త్రిప్పినపుడు తెఱచుకొనునది గాలిత్రోవ మాత్రమే, నీటిత్రోవ కాదు. కావున ఎన్నడును వాడని హీటరైనను లోపల తుప్పు తిని చిల్లు పడవచ్చును. “మేము వాడనే లేదు” అను మాట ఇచట చెల్లదు.

చిల్లు పడుటకు ముఖ్యకారణము మనము పోయు నీరే. కూలెంటనగా ఇథిలీన్ గ్లైకాలు, నీరు, తుప్పును ఆపు మందులు కలిసిన ద్రవము. చలిదేశములవారు అది గడ్డకట్టకుండుటకు వాడుదురు. మనకు కావలసినది తుప్పును ఆపు గుణమును, త్వరగా మరుగని గుణమును. ఉప్పదనముగల బోరునీరు పోసినచో నీళ్ళు కాచు అండాలో పట్టినట్లే లోపల తెల్లని పెచ్చు పట్టును, అల్యూమినియపు గొట్టములు తినివేయబడును. బ్యాటరీలో పోయు శుద్ధజలమును కూలెంటును సరిపాళ్ళలో కలిపి పోయుట క్షేమము. కలిపియే అమ్ము సరకైనచో మరల నీరు చేర్పరాదు.

ఇక పరీక్ష. ఉదయమున, ఇంజను పూర్తిగా చల్లగానున్నపుడే చూడవలెను. రేడియేటరు మూత వట్టి మూత కాదు, దానిపై 0.9 అనియో 1.1 అనియో ముద్రించియుండును, అది లోపల నిలుపు ఒత్తిడికి బార్ లెక్క. ఆ యొత్తిడివలన లోని ద్రవము 100 డిగ్రీలు దాటినను మరుగక, సుమారు 120 డిగ్రీలవఱకు నిలుచును. వేడిమీద మూత త్రిప్పినచో ఒత్తిడి తొలగి, అదంతయు ఒక్కసారిగా మరిగి ముఖముపైకి చిమ్మును. ఈ విధమున ముఖము, చేతులు కాల్చుకొన్నవారు కలరు.

డబ్బాపై రెండు గీతలుండును. మట్టము వాని మధ్య ఎచటనున్నదో గుఱుతు పెట్టి వారముదినములు చూడుడు. తగ్గుచున్నచో, రాత్రి బండిక్రింద అట్టముక్క పఱచి తెల్లవాఱి చూడుడు. దానిపై మరక పడినయెడల గొట్టముల బిగింపులను, రేడియేటరు అతుకులను, వాటరు పంపు క్రిందనున్న సన్నని రంధ్రమును వెదకవలెను. ఎండిన చోట రంగుపొడి పేరుకొనియుండును. క్రింద చుక్కయైనను లేక మట్టము తగ్గుచున్నచో అనుమానము రెంటిమీదికే ముఖ్యముగా పోవలెను: హీటరు కోరు, గాస్కెట్టు.

లోపలి తడిపై తెల్లని కాగిత మద్దుడు. ఏసీ నీటికి రంగుండదు, ఆఱినపిదప జాడ మిగులదు. కూలెంటైనచో పచ్చగనో ఎఱ్ఱగనో మరక నిలుచును, వ్రేళ్ళనడుమ జాఱును. ముందుటద్దమునకు లోపలివైపున తుడిచినను పోని జిడ్డుమసక పట్టును. కాని మా సభ్యునివలె నీరే పోయుచు వచ్చిన బండిలో రంగు వెలిసియుండును గనుక కాగితము మోసగింపవచ్చును. అట్టియెడ రెండుదినములు ఏసీ కట్టివేసి నడుపుడు. తడి ఆగనిచో ఏసీ నిర్దోషి. పొగగొట్టమున విడువక తెల్లపొగ వచ్చినను, ఆయిలు పాలుకలిపిన కాఫీ రంగునకు తిరిగినను గాస్కెట్టు దోషమే. ఆ బండిని ఇక నడుపరాదు.

సందేహము తీఱుటకు మేస్త్రీని ఒత్తిడిపంపు పరీక్ష చేయుమని కోరుడు. మూత స్థానమున చేతిపంపు బిగించి, మూతపై ముద్రించిన ఒత్తిడివఱకే గాలి యెక్కించి, పావుగంట ముల్లును చూడవలెను. ముల్లు దిగినచో కాఱుట నిజము. ఈ పరీక్ష చేయకయే డ్యాష్‌బోర్డు విప్పుదునను వానికి బండి నొప్పగింపకుడు.

కోరు వెల స్వల్పమే. దానిని చేరుటకు డ్యాష్‌బోర్డంతయు విప్పవలసియుండుటచేత కూలియే యధికము. మైదానములలో తిరుగు బండికి వేఱొక త్రోవ కలదు. గోడయొద్ద ఆ రెండు గొట్టములను విడదీసి, ఒకదానితో నొకటి కలిపివేసినచో నీరు కోరులోనికి పోదు, ఇంజనునకు మాత్రము యథాప్రకారము తిరుగును. రెంటిని బిరడాలతో మూయరాదు. కొన్ని ఇంజన్లలో ఆ ప్రవాహము ఆగుటయే హాని. ఆ నమూనాకు ఈ పద్ధతి తగునో తగదో తెలిసిన మేస్త్రీచే నిశ్చయించుకొనవలెను. మా సభ్యులు అట్లే చేయించుకొనిరి. ఏ త్రోవ పట్టినను, కూలెంటు నింపినపిదప చిక్కిన గాలి పూర్తిగా తీసివేసి, మఱునాడు మట్టము మరల చూడవలెను.

లారీ నడుపువారు చిల్లు పూడుటకు రేడియేటరులో పసుపుపొడి వేయుట కలదు. అంగళ్ళలో అమ్ము పొడులును అట్టివే. ఊరు చేరుటకు అవి పనికివచ్చునేమో గాని, చిల్లును పూడ్చు పొడి హీటరు కోరుయొక్క సన్నని గొట్టములనుగూడ పూడ్చును.

తీసిన పాత కూలెంటును బోదెలో గాని, కుడితితొట్టి దాపున గాని పోయరాదు. అది తియ్యగా నుండుటచేత కుక్కలును దూడలును నాకును. కొద్దిపాటి లోనికి పోయినను మూత్రపిండములు చెడి ప్రాణము పోవచ్చును. పిల్లలు త్రాగిరను అనుమానము కలిగినచో లక్షణములకై వేచియుండక తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. పాతది మూతగల డబ్బాలో పట్టి, పైన పేరు వ్రాసి, అందని చోట నుంచి, మరల వెళ్ళునపుడు వర్కుషాపువారికి ఒప్పగింపుడు.