స్పంజి, పీచు, బట్ట: దక్షిణ తెలంగాణ మెట్టసీమలో ఒక పదార్థ పరిశీలన

తెలుగు పాఠ్యపుస్తకాలలో స్పంజిక ఒక సముద్రజీవి. వాడుకలో మాత్రం స్పంజి అంటే పరుపులోని ఫోము, గిన్నెలు తోమే ముక్క, ఫలహారశాలలోనైతే ఒక రకం దోశ. 2016 విభజనకు పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సముద్రతీరం లేదు. స్పంజిక చేసే పనులను ఈ సీమలో ఏ వస్తువులు చేశాయి, వాటికి భాష ఏ పేర్లు పెట్టింది అన్నది ఇక్కడి పరిశీలనాంశం.

స్పంజిక మొక్కా, జంతువా అన్న సంశయం అరిస్టాటిల్ కాలం నాటిది. 1825లో రాబర్ట్ గ్రాంట్ అనే శాస్త్రవేత్త దాని సన్నని రంధ్రాల గుండా నీరు లోపలికి పోయి పెద్ద రంధ్రం నుంచి వెలువడడాన్ని సూక్ష్మదర్శినిలో గమనించిన తరువాతనే జంతువన్న అభిప్రాయం బలపడింది. శాస్త్రజ్ఞులు వర్ణించిన వేలాది జాతులలో స్నానానికి పనికివచ్చేవి కొన్ని మాత్రమే. అనేక జాతుల దేహంలో గాజును పోలిన సూదులుంటాయి. అవి చర్మాన్ని గీరుతాయి. సూదులు లేక, స్పంజిన్ అనే మెత్తని ప్రోటీన్ వల మాత్రమే గల జాతులనే మనిషి ఏరుకున్నాడు. ఈ వలలోని అతి సన్నని ఖాళీలు నీటిని పట్టి నిలుపుతాయి, నొక్కగానే విడుస్తాయి. గ్రీసులోని కాలిమ్నోస్ ద్వీపవాసులు వీటికోసం సముద్రగర్భంలోకి దిగేవారు. 1860ల నుంచి గాలిగొట్టపు దుస్తులు రావడంతో మరింత లోతుకు, మరింత సేపు దిగగలిగారు. ఒత్తిడి మార్పు వల్ల పక్షవాతం, మరణం కూడా పెరిగాయి. ఒక స్నానవస్తువుకు ఇంత మూల్యం చెల్లించిన ఉదంతాలు అరుదు. వైద్యంలో స్పంజిక పాత్ర వేరు: రక్తక్యాన్సర్‌కు వాడే సైటరబిన్ అనే మందుకు కరేబియన్ స్పంజికలో లభించిన పదార్థాలే దారి చూపాయి. ఆ మందును మాత్రం కృత్రిమంగానే తయారుచేస్తారు.

సముద్రపు స్పంజికలో రెండు పనులు కలిసి ఉన్నాయి: పీల్చడం, రుద్దడం. మెట్టసీమ గృహజీవనంలో ఈ రెండూ విడివిడి పనులు. పీల్చడానికి పాత నూలు బట్ట, దూది; రుద్దడానికి పీచు. కొబ్బరి పీచు, వరిగడ్డి బూడిదతో కలిసి బాసాన్లు తోమడానికి, బీర పీచు ఒళ్ళు రుద్దుకోవడానికి ఉపయోగపడ్డాయి. దడి మీదో పందిరి మీదో పాకిన తీగకు విత్తనం కోసం వదిలిన కాయ ముదిరి ఎండుతుంది, ఊపితే గింజలు గలగలమంటాయి, పూత వైపు మూత ఊడి గింజలు రాలిపోతాయి. పైతోలు తీస్తే మిగిలేది నీటిని మోసిన నాళాల అల్లిక. అది సెల్యులోజ్, లిగ్నిన్‌ల కూర్పు కనుక గరుకుగా ఉంటుంది. ఖాళీలు పెద్దవి కనుక స్పంజికలా నీటిని నిలుపుకోదు. కూరకు వాడే గీరల బీర కంటే నునుపైన నేతిబీర పీచు దట్టంగా, పెద్దదిగా వస్తుంది. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు అమెరికా ఈ పీచును జపాన్ నుంచి దిగుమతి చేసుకుని ఇంజన్లలో వడపోతకు వినియోగించింది.

తెలంగాణ ఉచ్చారణలో పీసుగా కూడా వినిపించే పీచు అనే మాట కొబ్బరికి, బీరకు, మామిడి టెంకకు, నమిలినా నలగని కూరకు సమానంగా చెల్లుతుంది. ఈ మాట వస్తువు పుట్టుకను గాక దాని కూర్పును చెబుతుంది. స్పంజి అన్న ఎరువుమాట దీనికి విరుద్ధంగా పుట్టుకను పూర్తిగా పోగొట్టుకుంది: పెట్రోలియం నుంచి తయారైన ఫోముకూ అదే పేరు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, అంగడి స్పంజిలో స్పంజిక అంతే. సముద్రఫేనాన్ని, అనగా మూలికల దుకాణాలలో దొరికే సముద్రపు నురుగును, స్పంజికగా భావించడం మరొక పొరపాటు. అది కటిల్ చేప లోపలి పెంకు.

తరగతిగదిలో దీని పర్యవసానం ఉంది. స్పంజిక జంతువని చదివే విద్యార్థి మనసులో కదిలేది రంగు ఫోము ముక్క. ఉపాధ్యాయుడు ఎండిన నేతిబీరను, తడి నూలు బట్టను పక్కపక్కన ఉంచి, ఒకటి గరుకు వల, మరొకటి నీరు పీల్చేది, ఈ రెండు గుణాలూ ఒకే దేహంలో గల జీవి స్పంజిక అని చెబితే పాఠం వేరుగా ఉంటుంది. అందుకు ముందు పెరట్లో నేతిబీర తీగ ఉండాలి. నైలాన్ స్క్రబ్బరు వచ్చాక పీచు కోసం కాయను ముదరనిచ్చే అవసరం తగ్గింది. ముదరనివ్వని కాయ నుంచి విత్తనమూ రాదు.