క్రీడాగురువు సయ్యద్ అబ్దుల్ రహీం

గురువు అనగానే తరగతి గది, నల్లబల్ల, పాఠ్యగ్రంథం మన మనస్సులో మెదలుతాయి. మైదానమే తరగతి గదిగా, తోలుబంతియే పాఠ్యగ్రంథంగా విద్య గరపిన ఉపాధ్యాయుడొకరు హైదరాబాదు నగరంలో ఉండేవారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. క్రీడాకారులు ఆయనను గౌరవంతో ‘రహీం సాబ్’ అని పిలుచుకొనేవారు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో స్వర్ణయుగంగా కీర్తింపబడే 1951 – 1962 నడిమి కాలం ఆయన శిక్షణలోనే రూపుదిద్దుకొన్నది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ మొదలైన ఉన్నత పాఠశాలల్లో పనిచేశారు. స్వయంగా మంచి ఆటగాడైన ఆయన వ్యాయామ విద్యను కూడా అభ్యసించారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి పదవితోపాటు నగర పోలీసు జట్టు శిక్షణ బాధ్యతను చేపట్టారు.

అది రెండవ ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతున్న కాలం. యుద్ధప్రభావం క్రీడారంగాన్ని సైతం విడువలేదు. 1888లో సిమ్లాలో ప్రారంభమైన డ్యూరాండ్ కప్పు ఐదు దశాబ్దాలపాటు బ్రిటిష్ సైనిక దళాలకే దక్కుతూ వచ్చింది. 1940లో కలకత్తాకు చెందిన మొహమ్మడన్ స్పోర్టింగ్ దానిని గెలుచుకొన్న తొలి భారతీయ జట్టు అయింది. ఆ మరుసటి సంవత్సరం నుండి 1949 వరకు ఆ పోటీ జరగనేలేదు. పెద్ద పోటీ ఆగిపోయిన ఆ ఏండ్లలోనే హైదరాబాదులో ఒక జట్టు పదునెక్కింది. 1950లో డ్యూరాండ్ పోటీ తిరిగి ప్రారంభం కాగానే, ఫైనల్లో మోహన్ బగాన్ జట్టును ఓడించి హైదరాబాదు నగర పోలీసు జట్టు విజేతగా నిలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు కైవసం చేసుకొన్నది.

ఈ విజయపరంపరకు మూలం రహీం బోధనా పద్ధతి. ఆనాడు బంతిని కాళ్ళతో ఆడిస్తూ ఒంటరిగా దూసుకొనిపోయే ఆటగానికే ప్రేక్షకుల జేజేలు దక్కేవి. బంతిని ఎంతసేపు తనవద్ద అట్టిపెట్టుకొంటే ప్రత్యర్థులకు సర్దుకొనే వ్యవధి అంత లభిస్తుంది. అందువలన రహీం డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలను ప్రత్యేకంగా నిర్వహించారు. అందిన బంతిని వెంటనే సహచరునికి అందించటం తప్ప అక్కడ ఆటగానికి గత్యంతరం లేదు. బంతి తనను చేరకముందే ఎవరు ఎక్కడ ఉన్నారో గమనించటం ఇట్టి ఆటలో అనివార్యమవుతుంది.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో భారత జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం సాధించింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10 – 1 తేడాతో ఘోరపరాజయం ఎదురైనది. మన ఆటగాళ్ళు పలువురు బూట్లు లేకుండానే ఆడిన పోటీ అది. ఆ తరువాత బూట్లు ధరించటం తప్పనిసరి అయింది. నాలుగేండ్లు తిరిగేసరికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, అదే భారతదేశం ఆతిథేయ ఆస్ట్రేలియాను 4 – 2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ దశకు చేరిన తొలి ఆసియా జట్టు అదే. చివరకు నాల్గవ స్థానం పొందిన ఆ జట్టులో నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, తులసీదాస్ బలరాం మొదలైన హైదరాబాదు, సికింద్రాబాదు ఆటగాళ్ళు ఉన్నారు.

జట్టు ప్రయోజనం ముందు బంధుత్వానికి రహీం తావీయలేదు. 1960 రోము ఒలింపిక్స్ బృందంలో ఆయన కుమారుడు హకీం సభ్యుడు. అయినను ఒక్క పోటీలోనైనా ఆయనకు ఆడే అవకాశం లభించలేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలకు ప్రవేశం నిరాకరించటాన్ని భారత ప్రతినిధి ఒకరు ఆక్షేపించినందున అక్కడి ప్రేక్షకులు మన జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో భారత్ ఓడింది. తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసకు మార్చారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో అదే కొరియాపై పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ సాధించగా, భారత్ 2 – 1 తేడాతో స్వర్ణం గెలిచింది.

తొమ్మిది నెలలు గడిచాక, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశారు. ఆయన పేరు చాలాకాలం పాత క్రీడాకారుల సంభాషణలకే పరిమితమైనది. 2024లో విడుదలైన ‘మైదాన్’ హిందీ చలనచిత్రం ఆయన జీవితాన్ని నేటి యువతకు పరిచయం చేసింది. జకార్తాలో గెలిచిన ఆ స్వర్ణం తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మరొక స్వర్ణం భారతదేశానికి నేటికీ దక్కలేదు.