బరువు తగ్గాలి, బలం తగ్గకూడదు

బోనాల పండుగకు లాల్‌దర్వాజా వీధులన్నీ ముస్తాబవుతున్న రోజులవి. ఒక తల్లిని ఆమె కూతురు చెయ్యి పట్టుకుని మా ఓపీకి తీసుకువచ్చింది. వయసు 42. ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 67 కిలోలు. శ్రావణంలో కూతురి పెళ్ళి. ఆ లోపల 10 కిలోలు తగ్గాలని పట్టుపట్టారు. ఉదయం టిఫిన్ మానేశారు, రాత్రి అన్నం మానేశారు. మధ్యాహ్నం ఒక్క చపాతీ, మధ్యమధ్యలో చాయ్. మూడు వారాల్లో 5 కిలోలు తగ్గారు. నాలుగో వారంలో మేడ మెట్లు ఎక్కుతుండగా కళ్ళు తిరిగి కూలబడిపోయారు. ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు. రక్తంలో చక్కెర చూస్తే 58 మాత్రమే ఉంది. షుగర్ మాత్ర మాత్రం ఉదయం మరచిపోకుండా వేసుకున్నారు. మాత్ర తన పని తాను చేసింది, కడుపులో తిండి లేదు.

"బరువు తగ్గు తగ్గు అని అందరు చెప్పిన్రు మేడం, పానం ఇట్ల గుంజుకపోతదని ఒక్కరు చెప్పలే" అన్నారు ఆమె. ఆ ఒక్క మాట చెప్పడానికే ఈ వ్యాసం.

నీరసం ఎందుకు వస్తుంది?

మనం తిన్న అన్నం, రొట్టెలలోని పిండి పదార్థంలో కొంత భాగం గ్లైకోజెన్‌గా మారి కాలేయంలోను, కండరాలలోను నిల్వ ఉంటుంది. తిండి ఒక్కసారిగా తగ్గించగానే శరీరం ముందుగా వాడుకునేది ఈ నిల్వనే. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు కూడా బయటకు పోతుంది. మొదటి వారంలో తూకం గబగబా తగ్గడానికి కారణం ఇదే. అందులో ఎక్కువ భాగం నీరే, కొవ్వు కాదు. నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది కనుక తలనొప్పి, కాళ్ళ పీకులు, నీరసం మొదలవుతాయి.

2017, 2018 సంవత్సరాలలో వీరమాచనేని రామకృష్ణ గారు ప్రచారం చేసిన ఆహార పద్ధతి తెలుగువారి ఇళ్ళలో బాగా వినిపించింది. అన్నం, రొట్టె మానేసి కొబ్బరినూనె వంటి కొవ్వు పదార్థాలు, సూపులు, నిమ్మరసం తీసుకునే పద్ధతి అది. అలాంటి ఆహారం మొదలుపెట్టినవారిలో చాలామందికి తొలి రోజుల్లో నీరసం రావడానికి పైన చెప్పిన నీరు, ఉప్పు కూడా కారణమే.

ఆ తరువాత కూడా తిండి మరీ తక్కువైతే శరీరం కొవ్వుతో పాటు కండను కూడా కరిగిస్తుంది. ఉన్న శక్తిని పొదుపుగా వాడడం మొదలుపెడుతుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1945లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఈ విషయాన్ని పరీక్షించి చూశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. వారికి 24 వారాలపాటు సుమారు సగం ఆహారమే ఇచ్చారు. వారి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. దానితో పాటు నాడి నెమ్మదించింది, చలి ఎక్కువైంది, చిరాకు పెరిగింది, మెట్లు ఎక్కడమే కష్టమైంది. రోజంతా తిండి గురించిన ఆలోచనే. అంటే డైటింగ్‌లో వచ్చే నీరసం మన మనోబలం తక్కువై వచ్చేది కాదు, శరీరం చేసే హెచ్చరిక.

ఎంత తగ్గాలి, ఎంత తినాలి?

మన హైదరాబాదులోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి వచ్చిన సంస్థ ఇది. ఆ సంస్థ 2020 లెక్కల ప్రకారం కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు సుమారు 1660, పురుషునికి 2110 కేలరీలు అవసరం. బరువు తగ్గాలనుకునేవారు కూడా రోజుకు 1000 కేలరీల కంటే కిందకు పోరాదని, వారానికి అరకిలో తగ్గితే క్షేమమని ఆ సంస్థ సలహా. చాలామందికి రోజూ తినే దానిలో 300 నుంచి 500 కేలరీలు తగ్గిస్తే సరిపోతుంది.

పూట మానవద్దు, ప్లేటు మార్చండి

1. ప్రతి పూటా మాంసకృత్తులు ఉండాలి. స్త్రీలకు రోజుకు సుమారు 46 గ్రాములు, పురుషులకు 54 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, ఒక గ్లాసు పాలలో దాదాపు 6 గ్రాములు, పిడికెడు వేరుశెనగ పప్పులలో 6 గ్రాములు ఉంటాయి. ముద్దపప్పు, పెసలు, శెనగలు, చేప, తోలు తీసిన కోడికూర అన్నీ మంచివే. ఇవి కడుపు నిండిన తృప్తినిస్తాయి, కండను కాపాడతాయి.

2. అన్నం పూర్తిగా మానవద్దు. రెండు గరిటెలకు బదులు ఒక గరిటె వేసుకుని, తగ్గిన చోటును కూరతో నింపండి. జొన్నరొట్టె కూడా మంచిది. మన పాతబస్తీ ఇళ్ళలో ఉదయం చేసుకునే ఖిచిడీలో బియ్యంతో పాటు మసూర్ పప్పు ఉంటుంది. నెయ్యి తగ్గించి, పప్పు కాస్త పెంచి, పక్కన గుడ్డు పెట్టుకుంటే చక్కని టిఫిన్.

3. మీర్ఆలం మండీలోనో, ఇంటి ముందుకు వచ్చే బండి మీదనో దొరికే తోటకూర, పాలకూర, బీరకాయ, సొరకాయ ఏదో ఒకటి రెండు పూటలా తినండి.

4. చాయ్ లెక్క చూసుకోండి. కప్పుకు 2 టీస్పూన్ల చక్కెర అంటే 40 కేలరీలు. నాలుగు కప్పులకు 160. పాలు, బిస్కెట్లు దీనికి అదనం. చాయ్ తాగగానే వచ్చే హుషారు గంటలో దిగిపోతుంది. సాయంత్రం నాలుగింటికి చాయ్, మిర్చి బజ్జీలకు బదులు ఉడికించిన శెనగలు, ఒక జామకాయ తిని చూడండి.

5. దాహం కూడా నీరసంగానే తెలుస్తుంది. నీళ్ళు, పలుచని మజ్జిగ తరచుగా తాగండి.

6. రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు వేగంగా నడవండి. వారానికి రెండుసార్లు కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. రాత్రి 7 గంటలు నిద్రపోండి. నిద్ర చాలకపోతే మరునాడు ఆకలి పెరుగుతుంది.

షుగర్, బీపీ ఉన్నవారికి ముఖ్య గమనిక

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారు తిండి తగ్గించే ముందే డాక్టరును కలవాలి. మందు మోతాదు మార్చవలసి రావచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు పిండి పదార్థం పూర్తిగా మానడం ప్రమాదకరం. బీపీ మందులు వాడేవారికి బరువు తగ్గేకొద్దీ బీపీ మరీ పడిపోయి తల తిరగవచ్చు.

చెమటలు, వణుకు, గుండె దడ, తికమక కనిపిస్తే వెంటనే చక్కెర పరీక్షించండి. 70 కంటే తక్కువ ఉంటే 3 టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడండి. పరీక్షించే వీలు లేకపోతే ఆలస్యం చేయకుండా చక్కెర నీళ్ళే ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి తీసుకురండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డైటింగ్ చేయరాదు.

నీరసం వేరే జబ్బు కావచ్చు

మన దేశంలో ప్రతి 100 మంది స్త్రీలలో సుమారు 57 మందికి రక్తహీనత ఉన్నట్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. సరిగా తింటున్నా రెండు వారాలకు మించి అలసట ఉంటే, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, జుట్టు ఎక్కువగా రాలుతుంటే, నెలసరి తప్పుతుంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. ఆకుకూరలపై నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటు చాయ్ తాగితే అది తగ్గిపోతుంది. కనీసం ఒక గంట ఆగండి.

ఆ తల్లి సంగతి

ఆమెకు మాత్ర మార్చాము, మూడు పూటలా తినమన్నాము. మళ్ళీ తినడం మొదలుపెట్టగానే ఒకటిన్నర కిలో తిరిగి వచ్చింది. చాలా కంగారుపడ్డారు. పోయిన నీరే తిరిగి వచ్చిందని నచ్చజెప్పాము. పెళ్ళినాటికి అనుకున్న 10 కిలోలు తగ్గలేదు. కాని రెండు రోజుల పెళ్ళిపనులు కళ్ళు తిరగకుండా తన చేతులతో చేసుకున్నారు. సంక్రాంతి తరువాత వచ్చినప్పుడు తూకం 59 కిలోలు. "ఇప్పుడు మిషన్ మీద పొద్దుందాక కూసుంటున్న మేడం" అన్నారు.

మీ ఇంట్లోనూ ఎవరైనా బరువు తగ్గే ప్రయత్నంలో ఉంటే "ఎన్ని కిలోలు తగ్గావు?" అని అడిగే ముందు "ఒంట్లో ఎలా ఉంది?" అని అడగండి. నీరసమని చెబితే తేలికగా తీసుకోకుండా, వాడుతున్న మందుల చీటీతో సహా మా ఓపీకి తీసుకురండి.