శ్వాస యంత్రానికి ఏ నీరు మేలు?

నిద్రలో గొంతు కండరాలు సడలి, శ్వాసమార్గం మాటిమాటికీ మూసుకొనిపోయే వ్యాధి కలవారికి వైద్యులు సీప్యాప్ అనే యంత్రాన్ని సూచిస్తారు. ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివాన్, ఆయన సహచరులు 1981లో ఈ చికిత్సను వైద్యలోకానికి పరిచయం చేశారు. మాస్కు ద్వారా కొంత ఒత్తిడితో గాలిని పంపి, మూసుకొనే మార్గాన్ని తెరచి ఉంచడం ఈ యంత్రం పని. రాత్రంతా వీచే ఆ గాలికి ముక్కు, గొంతు ఎండిపోకుండా యంత్రంలోని చిన్న తొట్టెలో నీరు పోస్తారు.

"కాచి చల్లార్చిన నీరు శ్రేష్ఠమని మీరే చెబుతారు కదా! తొట్టెలోనూ అదే పోయవచ్చునా?" అని నన్ను పలువురు అడుగుతుంటారు. ప్రశ్న సమంజసమైనదే. కాని తాగే నీటికి ఉండవలసిన గుణం వేరు, తొట్టెలోని నీటికి ఉండవలసిన గుణం వేరు. తొట్టెకు తగినది డిస్టిల్డ్ వాటర్, అనగా స్వేదనజలం.

కాచిన నీటికీ, స్వేదనజలానికీ భేదం

నీటిని బాగుగా మరిగించినప్పుడు అందులోని సూక్ష్మజీవులు నశిస్తాయి. సున్నం కొంత గిన్నె అడుగున పేరుకొన్నా, కరిగి ఉన్న తక్కిన లవణాలు నీటిలోనే నిలిచి ఉంటాయి. నల్లగొండ ప్రాంత ప్రజలను తరతరాలుగా బాధించిన ఫ్లోరైడ్ కాచినంత మాత్రాన పోకపోవడానికి కారణం ఇదే. స్వేదనజలం అట్లా కాదు. వాము అర్కం తీసినట్లే, నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టినది కనుక లవణాలు మొదటి పాత్రలోనే మిగిలిపోతాయి.

యంత్రపు తొట్టెలోనూ ఇదే జరుగుతుంది. నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. లవణాలు అడుగున మిగులుతాయి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలున్న నీరు తాగడానికి యోగ్యమైనదే. ఆ నీరు రాత్రికి 300 మిల్లీలీటర్లు ఆవిరైతే 150 మిల్లీగ్రాములు మిగులుతాయి. నెలకు నాలుగున్నర గ్రాములు! ఈ లవణాలు ఊపిరితిత్తులలోకి పోతాయని భయపడనక్కరలేదు. అయితే అవి తెల్లని పెచ్చుగా కట్టి తొట్టెను పాడుచేస్తాయి. ఆ గరుకు పొరలో సూక్ష్మజీవులు తావు చేసుకొంటాయి.

తక్కిన నీళ్ల సంగతి

ఫిల్టరు నీటిలోనూ, క్యాను నీటిలోనూ లవణాలు తక్కువే కాని పూర్తిగా పోవు. పెట్రోలు బంకులలో దొరికే బ్యాటరీ నీరు శరీరానికి సంబంధించిన పనులకై తయారైనది కాదు; దానిని వాడరాదు. సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది, అదీ పనికిరాదు. మందుల దుకాణంలో సీలు వేసి అమ్మే స్వేదనజలాన్ని గాని, స్టెరైల్ వాటర్‌ను గాని కొనవలెను. ప్రయాణాలలో అది దొరకనప్పుడు ఒకటి రెండు రాత్రులకు కాచి చల్లార్చిన ఫిల్టరు నీరు వాడి, తరువాత తొట్టెను శుభ్రపరచుకోవచ్చును.

జలనేతి చేసేవారికి ఒక మాట. నేతికి కాచి చల్లార్చిన నీరు చాలును. అందులో మనమే ఉప్పు కలుపుతాము కనుక లవణాల చింత లేదు. కాని కాచని కుళాయి నీరు ముక్కులోకి పోనీయరాదు. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో అట్లా నేతి చేసిన ఇద్దరు, మెదడుకు సోకే అమీబా వల్ల మరణించారు.

తొట్టెలో ఏదీ కలుపరాదు

మన పాఠకులకు ముఖ్యంగా చెప్పవలసినది ఇదే. జలుబు చేసినప్పుడు నీలగిరి తైలమో, కర్పూరమో, పసుపో వేసి ఆవిరి పట్టడం మన ఇళ్లలో అలవాటు. అది కొద్ది నిమిషాల పని. ఘాటు ఎక్కువైతే ముఖం తిప్పుకొంటాము. మాస్కు తగిలించుకొని నిద్రించేవాడికి ఆ అవకాశం లేదు. ఏడెనిమిది గంటలు ఆ ఘాటు నేరుగా శ్వాసలోకే పోతుంది. తైలాంశం ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కర్పూరం మోతాదు మించితే విషం. కనుక తులసి రసమైనా సరే, తొట్టెలో వేయరాదు.

నిత్యం పాటించవలసినవి

కాచి చల్లార్చిన నీటిని మెచ్చుకొన్న వాగ్భటుడే, అది ఒక రాత్రి నిలవ ఉంటే త్రిదోషాలనూ ప్రకోపింపజేస్తుందని అష్టాంగహృదయంలో హెచ్చరించాడు. తాగే నీటికి చెప్పిన ఈ నియమం తొట్టెకూ వర్తిస్తుంది. ఎంత శుద్ధమైన నీరైనా గోరువెచ్చగా నిలిచి ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఉదయం మిగిలిన నీటిని పారబోసి, తొట్టెను కడిగి, నీడలో ఆరబెట్టవలెను. రాత్రికి కొత్త నీరు పోయవలెను. వారానికొకసారి గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు కలిపి తోమవలెను. యంత్రాన్ని తలకంటె తక్కువ ఎత్తులో ఉంచితే, గొట్టంలో చేరిన నీరు ముఖం మీదికి రాదు. తొట్టెలో నీరు ఉండగా యంత్రాన్ని కదిలించరాదు.

గొంతు ఎండిపోతున్నా, ముక్కు దిబ్బడ తగ్గకున్నా యంత్రం మానివేయక, దానిని సూచించిన వైద్యునికి చెప్పి తేమను సరిచేయించుకోండి.