వంట చేసినావిడకీ మొదటి బంతిలో చోటు!

ఆదివారం పొద్దున్న పదిమంది టిఫినుకి వస్తున్నారంటే సంబరం ఇంట్లో అందరిదీ. హడావుడి మాత్రం ఒక్కరిదే. అదెవరిదో చెప్పక్కర్లేదు కదూ! పెసరట్లయినా, దోసెలైనా, పూరీలైనా పెనం మీంచో మూకుడులోంచో నేరుగా కంచంలోకి రావాలి. "వదినా, ఇంకొకటి", "పిన్నీ, నాది బాగా ఎర్రగా కాలాలి", "అమ్మా, నాకు ఉల్లిపాయలొద్దు"... అందరి కోరికలూ తీరేసరికి పదకొండవుతుంది. అప్పటికి కబుర్లూ అయిపోతాయి. అడుగున మిగిలిన పిండితో ఒక అట్టు పోసుకుని, పొయ్యి పక్కనే నిలబడి తినేసి, మధ్యాహ్నం వంటకి బియ్యం కడగడమే!

దీనికి అమెరికా ఇళ్లలో బాగా వాడుకలో ఉన్న ఉపాయం ఒకటుంది. పేరు చెబితే నోరు తిరగదు... బేక్‌డ్ ఫ్రూట్ ఫ్రెంచ్ టోస్ట్ క్యాసరోల్! కంగారుపడకండి. ఫ్రెంచ్ టోస్ట్ అంటే మన బొంబాయి టోస్టే. ఇక క్యాసరోల్ అంటే మనకి చపాతీలు వేడిగా ఉంచే డబ్బా గుర్తొస్తుంది. అక్కడ మాత్రం ఓవెన్లో పెట్టే లోతైన పళ్లేన్నీ, అందులో తయారైన వంటకాన్నీ కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. బ్రెడ్డు ముక్కలు, పండ్లు పళ్లెంలో పేర్చి, గుడ్లు గిలకొట్టిన పాలు పోసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతారు. పొద్దున్న ఓవెన్లో పెడితే గంటలో పది పన్నెండు మందికి ఒకేసారి టిఫిను సిద్ధం.

ఇరవై నిమిషాల పని

2023 జూలైలో న్యూజెర్సీలో మా అబ్బాయి వాళ్లింట్లో ఉన్నప్పుడు దీన్ని దగ్గరుండి చూశాను. ఆదివారం బ్రంచికి స్నేహితుల కుటుంబాలు వస్తున్నాయి. మాతో కలిపి పన్నెండు మంది. శనివారం రాత్రి భోజనాలయ్యాక మావాడు బ్రెడ్డు ముక్కలు చేశాడు. ఏడేళ్ల మనవరాలు పీచ్ పండ్ల ముక్కలు వరసగా పేర్చింది. కోడలు గుడ్లూ పాలూ కలిపి పోసింది. గడియారం చూశాను. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

మర్నాడు తొమ్మిదిన్నరకి కోడలు ఆ పళ్లెం ఓవెన్లో పెట్టి స్నానానికి వెళ్లిపోయింది. అందరూ వచ్చేసరికి ఇల్లంతా దాల్చినచెక్క వాసన! పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టి, ముక్కలు కోసి, తనూ ఒక ప్లేటు తీసుకుంది.

"అమ్మాయ్, నువ్వు తర్వాత కూర్చోవా?" అన్నాను.

"ఎందుకత్తయ్యా? పొయ్యి మీద ఏమీ లేదుగా! మీరూ రండి" అంది.

నిజమే, పొయ్యి మీద ఏమీ లేదు. ముప్పై అయిదేళ్ల కాపురంలో నేను వండిన టిఫిను అందరితో పాటు వేడిగా తిన్న ఆదివారాలు లెక్కపెట్టమంటే, ఇంకా వేళ్లు మిగులుతాయి.

ఈ వంటకం మా కోడలికి నేర్పింది పక్కింటి పెద్దావిడ. క్రిస్మస్ ముందు రోజు రాత్రి కలిపి పెట్టుకుంటుందట. "పొద్దున్నే పిల్లలు బహుమతుల పొట్లాలు విప్పుతారు. ఆ వేళప్పుడు నేను వంటింట్లో ఉంటే వాళ్ల మొహాలెవరు చూస్తారు?" అందావిడ. రుచి సంగతి ఆ తర్వాతే చెప్పింది!

పాత రొట్టెకి కొత్త బతుకు

అసలు ఈ వంటకం పుట్టిందే పొదుపులోంచి. ఫ్రెంచి వాళ్లు దీన్ని 'పా పెర్దూ' అంటారు. అంటే 'పోయిన రొట్టె' అని అర్థం. ఎండిపోయి, పారేయాల్సిన రొట్టెని పాలల్లో నానబెట్టి మళ్లీ తినేలా చెయ్యడమన్నమాట. ఇంకా వెనక్కి వెళితే రోమన్ల నాటి వంటల సంకలనం 'అపీసియస్'లో కూడా రొట్టెని పాలలో ముంచి, వేయించి, తేనె పోసే పద్ధతి ఉంది. మన హైదరాబాదు డబుల్ కా మీఠాలోనూ ఉన్నవి రొట్టె, పాలు, తీపే కదా!

బ్రంచ్ అనే మాట ఇంగ్లండులో పుట్టింది. 1895లో గై బెరింగర్ అనే ఆయన ఒక పత్రికలో వ్యాసం రాస్తూ, శనివారం రాత్రి ఆలస్యంగా పడుకున్నవాళ్లు ఆదివారం ఉదయపు టిఫినునీ మధ్యాహ్న భోజనాన్నీ కలిపేసి ఒకేసారి తింటే హాయిగా ఉంటుందని వాదించాడు. తినేవాళ్ల హాయి సరే. వండేవాళ్లకి హాయి కావాలంటే పని ముందు రాత్రికి జరగాలి. ఈ క్యాసరోల్ చేసే మేలు అదే.

కావలసినవి

(పది పన్నెండు మందికి. 13 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు ఉన్న లోతైన పళ్లెం. కప్పు అంటే 240 మిల్లీలీటర్లు.)

ఒకరోజు నిలవున్న బ్రెడ్డు - 450 గ్రాములు
కోడిగుడ్లు - 8
చిక్కటి పాలు - 3 కప్పులు
పంచదార - అర కప్పు
దాల్చినచెక్క పొడి - 1 టీస్పూను
వెనిలా ఎసెన్స్ - 2 టీస్పూన్లు
ఉప్పు - పావు టీస్పూను
పండ్ల ముక్కలు - 3 కప్పులు
పైన చల్లడానికి: వెన్న 60 గ్రాములు, మైదా అర కప్పు, బెల్లం పొడి పావు కప్పు, జీడిపప్పు పలుకులు గుప్పెడు

తయారుచేసే విధానం

పళ్లేనికి వెన్న రాయండి. బ్రెడ్డుని అంగుళం ముక్కలుగా చేసి, సగం పరిచి, పైన సగం పండ్లు వెయ్యండి. మిగతా బ్రెడ్డు, పండ్లు కూడా అలాగే పేర్చండి. గుడ్లు, పాలు, పంచదార, దాల్చినచెక్క పొడి, వెనిలా, ఉప్పు బాగా గిలకొట్టి అంతటా సమంగా పోయండి. పైకి తేలిన ముక్కల్ని గరిటెతో మెల్లగా అదమండి. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచెయ్యండి. వెన్న, మైదా, బెల్లం, జీడిపప్పు వేళ్లతో పొడిపొడిగా కలిపి వేరే గిన్నెలో పెట్టుకోండి. దాన్ని రాత్రే చల్లితే నానిపోతుంది.

పొద్దున్న పళ్లేన్ని ఇవతల పెట్టి, ఓవెన్‌ని 175 డిగ్రీల సెంటిగ్రేడ్‌కి వేడి చెయ్యండి. గాజు పళ్లెమైతే అరగంట బయట ఉంచాకే లోపల పెట్టాలి. చల్లటి గాజుకి ఒక్కసారి వేడి తగిలితే పగిలే ప్రమాదం ఉంది. పొడి చల్లి 45 నుంచి 55 నిమిషాలు బేక్ చెయ్యండి. మధ్యలో చాకు గుచ్చి తీస్తే పచ్చి పాలు అంటకూడదు. థర్మామీటరు ఉంటే నడిమధ్య 71 డిగ్రీలు దాటాలి. గుడ్డు సరిగ్గా ఉడికిందనడానికి అదే గుర్తు. పైన ముందే ఎర్రబడితే అల్యూమినియం ఫాయిల్ కప్పండి. తీశాక పది నిమిషాలు ఆగి కోస్తే ముక్కలు విడిపోకుండా వస్తాయి.

మెత్తటి తాజా బ్రెడ్డు వాడితే పాలలో కరిగి ముద్దయిపోతుంది. ఎండిన బ్రెడ్డయితే పాలు పీల్చుకుని కూడా ఆకారం నిలుపుకుంటుంది. అక్కడ చాలామంది హల్లా అనే బ్రెడ్డు వాడతారు. అది యూదులు శుక్రవారం సాయంత్రం సబ్బాతు భోజనానికి చేసుకునే జడ అల్లిక రొట్టె. అందులో మిగిలింది ఆదివారానికి సరిగ్గా తగినంత ఎండుతుంది!

ఏ పండు వెయ్యాలి?

మా కోడలు పీచ్‌లతో పాటు బ్లూబెర్రీలు కూడా వేసింది. న్యూజెర్సీలో జూన్, జూలై నెలలు వాటి కాలం. ఈ పండు వెనకా ఒక స్త్రీ కృషి ఉంది. పూర్వం అవి అడవి పొదల్లో కాసేవి. న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్‌లో క్రాన్‌బెర్రీ తోటల యజమాని కూతురు ఎలిజబెత్ వైట్, ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కోవిల్ పరిశోధన గురించి చదివి, కలిసి పనిచేద్దామని ఆయనకి ఉత్తరం రాసింది. పెద్ద పండ్లు కాసే పొదలు చూపించిన స్థానికులకి డబ్బిచ్చి వాటిని సేకరించింది. తోటలో పండించిన తొలి పంట 1916లో అమ్మకానికి వచ్చింది.

మన దగ్గర ఆపిల్, మామిడి చక్కగా కుదురుతాయి. ఆపిల్ ముక్కల్ని కాస్త వెన్నలో మగ్గించి వేస్తే మెత్తగా ఉంటాయి. మామిడి పండు బాగా పండింది కాకుండా కొంచెం గట్టిగా ఉన్నది తీసుకోండి. అరటిపండు రాత్రే వేస్తే నల్లబడుతుంది కనుక పొద్దున్న పైన పేర్చండి. పచ్చి అనాసపండు మాత్రం వద్దు. అందులోని బ్రొమెలిన్ అనే ఎంజైము పాలలోని, గుడ్డులోని మాంసకృత్తుల్ని విరగ్గొడుతుంది. రాత్రంతా ఉంటే మిశ్రమం చేదెక్కి, సరిగ్గా గట్టిపడదు. డబ్బాలో దొరికే అనాస ముక్కలు ముందే వేడిచేసినవి కాబట్టి వాటితో ఆ బాధ లేదు.

మన వంటింట్లో...

మనకి ఉండేవి చిన్న ఓవెన్లే. పైన చెప్పిన కొలతల్లో సగం తీసుకుంటే 8 అంగుళాల చదరం పళ్లేనికి సరిపోతుంది. అయిదారుగురికి వస్తుంది. 35 నిమిషాలయ్యాక చాకు గుచ్చి చూసుకోండి.

గుడ్డు తినని వాళ్లకి కస్టర్డ్ పౌడరు ఉంది. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన దాన్ని తయారుచేసిందే గుడ్లు పడని భార్య కోసం! 3 కప్పుల పాలకి 3 టేబుల్ స్పూన్ల పౌడరు, పంచదార కలిపి ఉడికించి, చల్లార్చి బ్రెడ్డు మీద పోయండి. కాస్త మెత్తగా వస్తుంది కానీ రుచి బాగుంటుంది.

కరెంటు సంగతి మాత్రం గుర్తుంచుకోండి. తలుపు తెరవకపోతే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనాన్ని నిలుపుతుంది. రాత్రి అంతకన్నా ఎక్కువసేపు కరెంటు పోతే, పచ్చి గుడ్లూ పాలూ కలిపిన ఆ మిశ్రమం వాడొద్దు.

తీపి రెండు ముక్కలు తినగానే మనవాళ్ల నాలుక కారం కోసం వెతుకుతుంది. పక్కన శనగ గుగ్గిళ్లు పెట్టండి. శనగలు ముందు రోజే నానబెట్టుకుంటే పొద్దున్న ఉడికించి తాలింపు వెయ్యడమే. కొత్తిమీర పచ్చడి వేసిన చిన్న శాండ్‌విచ్‌లైనా సరే. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకి ఈ క్యాసరోల్ తగ్గించే పెట్టాలి. వాళ్లకి గుగ్గిళ్లే మేలు.

కూర్చోవడమూ నేర్చుకోవాలి

విజయవాడ తిరిగొచ్చాక ఆపిల్, మామిడితో మా ఇంట్లోనూ చేశాను. "పెనం మీంచి వేడి అట్టు లేదా?" అన్నారు మావారు. మూడో ముక్క తీసుకుంటూ ఆ ప్రశ్న మర్చిపోయారు! మా పెద్ద తోటికోడలు మాత్రం అలవాటు కొద్దీ గరిటె పట్టుకుని బల్ల పక్కనే నిలబడింది.

"అక్కా, ముక్కలు కోసే ఉన్నాయి. ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటారు, కూర్చో" అని కుర్చీ జరిపాను.

"వడ్డించకుండా ఎలాగే?" అంటూ రెండుసార్లు లేచింది. మూడోసారి లేవలేదు. ఆవిడ చిన్నప్పటి కబుర్లు చెబుతుంటే వాళ్ల పిల్లలే నోరు తెరుచుకుని విన్నారు. వాళ్లకవి కొత్త! ఇన్నేళ్లూ ఆ కబుర్లు చెప్పాల్సిన వేళలో ఆవిడ పొయ్యి దగ్గరుంది మరి.

ఓవెన్ లేకపోతే ఇదంతా కుదరదా అంటారేమో. ఎందుకు కుదరదు? గోదావరి జిల్లాల దిబ్బరొట్టె ఉంది కదా! రుబ్బిన మినప్పప్పులో బియ్యపు రవ్వ కలిపి, దళసరి గిన్నెలో పోసి, మూత పెట్టి సన్న సెగ మీద వదిలేస్తే నింపాదిగా కాలుతుంది. ముక్కలు కోసి చెరకు పానకంతో బల్ల మీద పెడితే సరి. ఆవిరి కుడుములు, ఇడ్లీలు కూడా అందరికీ ఒకేసారి దిగేవే. ఒక్కొక్కటిగా కాల్చే అట్లూ పూరీలూ ఇంట్లోవాళ్లమే ఉన్న రోజున, వంతులవారీగా వేసుకుందాం.

వంటకం ఏదైనా మూడు సంగతులు చూసుకోండి. పనిలో ఎక్కువ భాగం ముందు రాత్రే అవ్వాలి. ఆ పనిలో మగవాళ్లకీ పిల్లలకీ వాటా ఉండాలి. బ్రెడ్డు ముక్కలు చెయ్యడానికి పెద్ద నేర్పేం అక్కర్లేదు! ఇక మూడోది, వచ్చినవాళ్లెందరో లెక్కేసి కంచాలు పెట్టేటప్పుడు మీ కంచం కూడా ఆ లెక్కలోనే ఉండాలి.