‘మామా, నాకేమైనా జబ్బా?’

‘ఆక్యుపేషన్’ అనగానే మనకి గుర్తొచ్చేది ఉద్యోగం. మరి ఏడేళ్ల పిల్లాడికి ఉద్యోగమేంటి? ఆడుకోవడం, అన్నం కలుపుకుని తినడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, నోట్‌బుక్‌లో రాయడం... వాడి పనులు ఇవే. వీటిలో ఏది కష్టమవుతుంటే దాన్ని సాధనతో సులువు చేసేదే ఆక్యుపేషనల్ థెరపీ. పెద్దవాళ్లకి ఇంత చెబితే చాలు. పిల్లలకి ఎలా చెప్పాలన్నదే అసలు సమస్య.

మా అక్క కొడుకు వారానికి రెండుసార్లు థెరపీకి వెళ్తాడు. రెండు లైన్లు రాస్తే చాలు, చెయ్యి నొప్పంటాడు. మిక్సీ మోగితే చెవులు మూసుకుంటాడు. క్లాసులో ఎవరో ఏదో అన్నారట. ‘మామా, నాకేమైనా జబ్బా?’ అని నన్నడిగాడు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. వాడేవాళ్లకి అర్థం కాకపోతే ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనా దండగే. అందుకే పెద్ద మాటలు పక్కన పెట్టేశాను. ‘జబ్బు కాదురా. సైకిల్ నేర్చుకునేటప్పుడు పక్కన చిన్న చక్రాలు పెట్టాం కదా, ఇదీ అంతే’ అన్నాను.

‘మరి అక్కడ అన్నీ ఆటలేగా?’

నిజమే, ఆటలే. కానీ ప్రతి ఆటకీ ఓ పనుంది. పిండి ముద్ద పిసికితే వేళ్లకి బలం. బట్టల క్లిప్పులు నొక్కితే పెన్సిల్ పట్టు. ఉయ్యాల ఊగితే ఒళ్లు ఎటు వంగుతోందో మెదడు బాగా పసిగడుతుంది. శబ్దం, స్పర్శ, కదలిక... వీటన్నిటినీ మెదడు ఎలా కలుపుకుంటుందో వివరిస్తూ అమెరికన్ థెరపిస్ట్ జీన్ ఎయిర్స్ 1972లోనే పుస్తకం రాశారు. మావాడికి మాత్రం ‘నీ చెవుల్లో వాల్యూమ్ కాస్త ఎక్కువ’ అని చెప్పాను. వెంటనే అర్థమైపోయింది.

రెండు మాటలు మాత్రం పిల్లలతో అనకండి. ‘అక్కడికెళ్తే మంచి పిల్లాడివవుతావు’ అంటే ఇప్పుడు చెడ్డవాడనేగా! ‘అల్లరి చేస్తే థెరపీకి పంపిస్తా’ అంటే అది శిక్ష అయిపోతుంది. వాటి బదులు ‘నీకు ఏ పని సులువైతే బావుంటుంది?’ అని అడిగి చూడండి. మావాడు షూ లేసులన్నాడు. థెరపిస్టుకి చెబితే, ఆవిడ వాటినే సాధనలో చేర్చారు.

ఇప్పటికి మొదటి ముడి పడుతోంది, రెండోది జారిపోతోంది. అయినా విసుక్కోవడం లేదు. మొన్న పక్కింటి పాప ‘ఎక్కడికెళ్తున్నావ్?’ అంటే ఠక్కున చెప్పాడు: ‘నా వేళ్లకి ట్యూషన్!’